విదేశీ మార్కెట్లలోకి సంస్థల ప్రవేశం: దారిని నిర్ణయించే అంశాలు

స్వదేశంలో నిలదొక్కుకున్న సంస్థ పరాయి దేశపు కొనుగోలుదారులను చేరుకునే పద్ధతిని వాణిజ్య శాస్త్రంలో ప్రవేశ విధానం అంటారు. సరుకును ఓడకెక్కించి అవతలి రేవులోని ఏజెంటుకు అప్పగించడం ఈ పద్ధతుల్లో పాతది, తేలికైనది. తన పేరునో తయారీ విధానాన్నో రాయల్టీ తీసుకుని అక్కడివారిని వాడుకోనిస్తే అది లైసెన్సు. దుకాణం నడిపే తీరంతా నేర్పి, అమ్మకాల్లో వంతు పుచ్చుకుంటే ఫ్రాంచైజీ. స్థానిక భాగస్వామితో కలిసి పెట్టుబడి పెడితే ఉమ్మడి సంస్థ. సొమ్మంతా తనదే పెట్టి ఫ్యాక్టరీ కట్టడం, లేదా అక్కడ నడుస్తున్న కంపెనీనే కొనేయడం ఈ వరుసలో చివరివి. ఎగుమతి నుంచి సొంత ఫ్యాక్టరీ వైపు జరిగేకొద్దీ పెట్టుబడీ పెరుగుతుంది, పట్టూ పెరుగుతుంది, దెబ్బ తగిలితే పోయేదీ పెరుగుతుంది. కంపెనీ యాజమాన్యం లాభనష్టాలు బేరీజు వేసుకుని తీసుకునే నిర్ణయంగానే పాఠ్యపుస్తకాలు దీన్ని వర్ణిస్తాయి. వందేళ్లకు పైబడిన భారతదేశ అనుభవం చూస్తే ఆ వర్ణన సగమే నిజం. ఏ దారులు తెరిచి ఉండాలో ముందు తేల్చేది ఆతిథ్య దేశపు ప్రభుత్వం. కంపెనీ చేతిలో ఉన్న సరుకు స్వభావం ఆ దారుల్లో మరికొన్నింటిని మూసేస్తుంది. మిగిలినవాటిలో ఒకటి ఎంచుకునే దగ్గరే కంపెనీ తెలివి, అనుభవం, ధైర్యం పనికొస్తాయి. ఆ ఎంపిక కూడా ఒక్కసారితో తేలదు. చట్టం మారినప్పుడల్లా, బలాబలాలు మారినప్పుడల్లా బేరం మళ్లీ మొదలవుతుంది.

ఇది ఈ కాలపు సంగతి మాత్రమే కాదు. 1606 నాటికే డచ్చి వర్తకులు మచిలీపట్నంలో కోఠీ పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అదే రేవుకు చేరింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కొనడానికి వచ్చినవారికి ఓడలున్నాయి, వెండి ఉంది. అయినా గోల్కొండ అధికారులతో పేచీలు పెరిగేసరికి 1620ల్లో ఇంగ్లీషువారు కొంతకాలం బందరు వదిలి దక్షిణాన దుగరాజపట్నం వైపు మళ్లాల్సి వచ్చింది. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇచ్చిన ఫర్మానాతో పరిస్థితి కుదుటపడింది. ఏటా 500 వరహాలు చెల్లిస్తే గోల్కొండ రేవుల్లో సుంకాల బెడద లేకుండా వ్యాపారం చేసుకోవచ్చన్నది దాని సారం. వ్యాపారం ఎక్కడ, ఏ రూపంలో, ఎంత ఖర్చుతో సాగాలో తేల్చింది ఆ ఫర్మానాయే. లండన్‌లోని డైరెక్టర్ల లెక్కల పుస్తకాలకు అందులో పాత్ర తక్కువ.

సిద్ధాంతాలు చెప్పేది

ఈ విషయంపై సిద్ధాంత చర్చకు పునాది వేసింది కెనడా ఆర్థికవేత్త స్టీఫెన్ హైమర్. 1960లో ఎంఐటీకి సమర్పించి, ఆయన మరణానంతరం 1976లో పుస్తకంగా వచ్చిన పరిశోధనలో ఆయన ఒక సూటి ప్రశ్న వేశాడు. పరాయి దేశంలో భాష, చట్టం, పరిచయాలు అన్నీ స్థానికుడికే అనుకూలం. అలాంటప్పుడు విదేశీ కంపెనీ అక్కడ ఎలా బతుకుతుంది? స్థానికుడి దగ్గర లేనిదేదో దాని దగ్గర ఉండాలి. అది పేటెంటు కావచ్చు, బ్రాండు కావచ్చు, తయారీ మెళకువ కావచ్చు. 1976లోనే పీటర్ బక్లీ, మార్క్ కాసన్ ఈ ఆలోచనను ముందుకు తీసుకెళ్లారు. ఆ మెళకువను బయటి వ్యక్తికి అమ్మి, అతనిపై కన్నేసి ఉంచడానికయ్యే ఖర్చు ఎక్కువైతే కంపెనీ ఆ పనిని తన గోడల మధ్యే ఉంచుకుంటుందన్నారు. జాన్ డన్నింగ్ ఈ రెంటికీ మూడోదాన్ని జతచేశాడు. కంపెనీకి సొంత బలం ఉండాలి, దాన్ని తన చేతిలోనే ఉంచుకోవడం లాభసాటి కావాలి, ఆతిథ్య స్థలంలో కూలి, ముడిసరుకు, మార్కెట్ వంటి అనుకూలతలు ఉండాలి. మూడూ కలిసినప్పుడే ప్రత్యక్ష పెట్టుబడి పుడుతుంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన యాన్ యొహాన్సన్, యాన్ ఎరిక్ వాల్నె 1977లో వేరే కోణం చూపారు. శాండ్విక్, అట్లస్ కాప్కో, ఫాసిట్, వోల్వో వంటి స్వీడన్ కంపెనీల చరిత్రలో కనిపించిన వరుస దీనికి ఆధారం: ముందు అప్పుడప్పుడూ ఎగుమతి, తరువాత ఏజెంటు, ఆపైన సొంత అమ్మకాల శాఖ, చివరికి ఫ్యాక్టరీ. పక్క దేశాలతో మొదలుపెట్టి, తెలిసేకొద్దీ దూరం పోవడం. ఈ సిద్ధాంతాలన్నీ విలువైనవే. అయితే వీటిలో ప్రధాన పాత్రధారి కంపెనీ. ప్రభుత్వం తెర వెనుక ఉండే వాతావరణం లాంటిది, వానో ఎండో అన్నట్టు. భారతదేశంలో మాత్రం అది వేదిక మధ్యలోనే నిలబడింది.

హిందుస్థాన్ యూనిలీవర్ కథ పైపైన చూస్తే ఉప్సలా మెట్లకు నమూనాలా ఉంటుంది. 1888లో లీవర్ బ్రదర్స్ సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. నలభై ఏళ్లకు పైగా సరుకు ఇంగ్లండు నుంచే వచ్చింది. 1931లో హిందుస్థాన్ వనస్పతి కంపెనీ, 1933లో లీవర్ బ్రదర్స్ ఇండియా, 1935లో యునైటెడ్ ట్రేడర్స్ ఏర్పడ్డాయి. 1956లో మూడూ కలిసి హిందుస్థాన్ లీవర్ అయ్యాయి. మెల్లగా నేర్చుకుని మెట్టుమెట్టుగా ఎక్కినట్టే ఉంది. కానీ ముప్పై ఏళ్లకు పైగా సబ్బు అమ్మినవారికి ఈ మార్కెట్ 1920 నాటికే బాగా తెలుసు. 1930ల మొదట్లోనే ఫ్యాక్టరీలు లేవడానికి కారణం కొత్తగా అబ్బిన జ్ఞానం కాదు, పెరిగిన దిగుమతి సుంకాలు, విదేశీ సరుకు బహిష్కరణకు పిలుపునిచ్చిన స్వదేశీ ఉద్యమం. దిగుమతి చేసుకుని అమ్మే దారి ఇరుకైంది గనుక కంపెనీ లోపలికి జరిగింది. సుంకపు గోడ దాటడానికి గోడకు ఇవతలే ఫ్యాక్టరీ కట్టుకోవడం అనే ఈ పద్ధతి ఇప్పటికీ సాగుతోంది. పూర్తిగా తయారైన కారు దిగుమతిపై భారతదేశం 60 నుంచి 100 శాతం సుంకం వేస్తున్న రోజుల్లో దక్షిణ కొరియాకు చెందిన కియా కార్లను ఓడల్లో పంపి మార్కెట్‌ను పరీక్షించే ఆలోచనే పెట్టుకోలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో అనంతపురం జిల్లా పెనుకొండ దగ్గర (ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లా) నేరుగా ఏటా 3 లక్షల కార్ల ఫ్యాక్టరీకి దిగింది. 2019లో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. ఉప్సలా వరుసలోని మూడు మెట్లను ఒక్క అడుగులో దాటేసింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. కియా మాతృబృందంలోని హ్యుందాయ్ అప్పటికే ఇరవై ఏళ్లుగా చెన్నై దగ్గర కార్లు చేస్తోంది. విడిభాగాల సరఫరాదారులూ ఆ చుట్టుపక్కలే ఉన్నారు. నేర్చుకోవాల్సింది అన్నగారు నేర్చుకుని ఉన్నాడు. అంటే జ్ఞానం అక్కర్లేదని కాదు. ఫ్యాక్టరీ కట్టాలా, ఎగుమతి చేయాలా అన్నది సుంకం తేల్చింది. పెనుకొండా, మరో చోటా అన్నది జ్ఞానం, సరఫరాదారుల దగ్గరతనం, రాష్ట్రం ఇచ్చిన భూమి, నీరు, రాయితీలు తేల్చాయి.

చట్టం గీసిన గీతలు

యాజమాన్య వాటాపై పరిమితి పెడితే ఏమవుతుందో 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం, వాడుకలో ఫెరా, చూపించింది. చాలా రంగాల్లో విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోమంది ఆ చట్టం. ఒకే చట్టానికి మూడు కంపెనీలు మూడు రకాలుగా స్పందించాయి. కోకాకోలా బలమంతా ఒక రహస్య మిశ్రమంలో ఉంది. అది ఒకసారి బయటికి పొక్కితే తిరిగి రాదు. వాటా తగ్గించుకోవడానికీ, ఆ మెళకువను భారతీయ కంపెనీకి అప్పగించడానికీ ఇష్టపడక 1977లో వెళ్లిపోయింది. ఐబీఎం కూడా వాటా వదులుకోనని 1978లో నిష్క్రమించింది. అది వదిలిన కంప్యూటర్ల నిర్వహణను ప్రభుత్వ సంస్థ సీఎంసీ చేపట్టింది. హిందుస్థాన్ లీవర్ మాత్రం ప్రాధాన్య రంగాల్లో పెట్టుబడులు, ఎగుమతులు చూపించి బేరమాడి 51 శాతం నిలబెట్టుకుంది. చట్టం అక్షరం ఒకటే, ఫలితాలు మూడు. దీన్నిబట్టి చట్టం ముఖ్యం కాదని కొందరు అంటారు. పక్కనే జపాన్‌ను పెట్టి చూస్తే ఆ వాదం నిలవదు. 1960లో ఇదే ఐబీఎం తన పేటెంట్లను జపాన్ కంపెనీలు వాడుకోవడానికి ఒప్పుకుని, బదులుగా పూర్తి యాజమాన్యంతో అక్కడ తయారీకి అనుమతి సంపాదించింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కూడా పూర్తి యాజమాన్యమే అడిగింది. జపాన్ ప్రభుత్వం ఏళ్ల తరబడి నాన్చి, 1968లో సోనీతో చెరిసగం పద్ధతిపై రానిచ్చింది. కొన్నేళ్లకు సోనీ వాటాను ఆ కంపెనీ కొనేసింది. ఐబీఎం విషయంలో కంపెనీ అదే, దాని మెళకువా అదే. జపాన్‌లో ఉండనిచ్చిన, ఇండియాలో ఉండనివ్వని తేడా రెండు ప్రభుత్వాలు ఏమి కోరాయన్నదానిలో ఉంది. జపాన్ సాంకేతిక పరిజ్ఞానం కోరింది, భారత్ వాటా కోరింది. ఐబీఎం మొదటిది ఇవ్వగలిగింది, రెండోది ఇవ్వలేదు.

తలుపు కొద్దిగా తెరిస్తే దూరేవారి ఆకారమూ దానికి తగ్గట్టే ఉంటుంది. 1982లో సుజుకి 26 శాతం వాటాతో ప్రభుత్వ సంస్థ మారుతిలో భాగస్వామిగా వచ్చింది. ఆ వాటా 1980ల చివరికి 40 శాతం, 1992లో 50 శాతం, 2002లో 54 శాతం దాటింది. 2007లో ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది. ఒకే కంపెనీ, ఒకే మార్కెట్, పాతికేళ్లలో నాలుగు రకాల బేరాలు. 1984లో హీరోతో చేతులు కలిపిన హోండా 1999లో సొంత కంపెనీ పెట్టినా, మొదట స్కూటర్లకే పరిమితమై 2004లో గానీ మోటారు సైకిళ్లలోకి దిగలేదు. హీరో హోండా బంధం 2010 డిసెంబరులో తెగింది. హోండా అలా ఆగాల్సి రావడం వెనుక తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని ఒక చిన్న కాగితం ఉంది. 1998 నాటి 18వ నంబరు ప్రెస్ నోట్ అది. ఇప్పటికే భారతీయ భాగస్వామి ఉన్న విదేశీ కంపెనీ అదే రంగంలో మరో సంస్థ పెట్టాలంటే పాత భాగస్వామి అభ్యంతరం లేదని చెప్పాలన్నది దాని నిబంధన. 2005లో దాన్ని సడలించారు, 2011లో ఎత్తేశారు. ఉమ్మడి సంస్థల విడాకులు ఆ దశాబ్దంలో ఎక్కువ కావడం కాకతాళీయం కాదు. బీమా రంగం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. 2000 ప్రాంతంలో రంగాన్ని తెరిచినప్పుడు విదేశీ వాటా 26 శాతమే. అందుకే ఐసీఐసీఐ ప్రుడెన్షియల్, బజాజ్ అలయంజ్ వంటి జంట పేర్లు పుట్టాయి. ఆ పరిమితి 2015లో 49, 2021లో 74 శాతానికి పెరిగింది. 2025లో అలయంజ్ బజాజ్ నుంచి విడిపోవాలని నిర్ణయించుకుంది.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. చట్టమే దారి నిర్ణయిస్తే, ఒకే చట్టం కింద ఒకే కాలంలో వచ్చిన కంపెనీలు వేర్వేరు దారులు ఎందుకు పట్టాయి? 1990ల మధ్యలో కార్ల కంపెనీలన్నిటికీ నిబంధనలు ఒకటే. ఫోర్డ్ మహీంద్రాతో, జనరల్ మోటార్స్ బిర్లాలతో, దేవూ డీసీఎంతో, ప్యుగో ప్రీమియర్‌తో కలిశాయి. హ్యుందాయ్ 1996లో ఒంటరిగా, పూర్తి యాజమాన్యంతో వచ్చింది. ఈ అభ్యంతరం సరైనదే. అప్పుడు రెండు దారులూ తెరిచే ఉన్నాయి గనుక ఎంపిక నిజంగా కంపెనీలదే అయింది. ఫలితాలూ అలాగే తేలాయి. భాగస్వామి ఉన్నంత మాత్రాన ఫోర్డ్‌కు భారతీయ కొనుగోలుదారు అర్థం కాలేదు. ఎస్కార్ట్ కారు ఇక్కడి జేబుకు అందలేదు. హ్యుందాయ్ 1998లో శాంత్రోతో చిన్న కార్ల మార్కెట్‌నే పట్టుకుంది. జనరల్ మోటార్స్ 2017లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, 2021లో ఫోర్డ్ తయారీకి స్వస్తి చెప్పింది. ఇది ఈ వ్యాసపు వాదాన్ని కొట్టేయదు, దాని హద్దు చూపిస్తుంది. తలుపు ఎంత వెడల్పుగా తెరిస్తే కంపెనీ సొంత లక్షణాలు అంత బాగా బయటపడతాయి. కంపెనీ సామర్థ్యమే అంతా అని చెప్పే సిద్ధాంతాలు ఎక్కువగా అమెరికా, పశ్చిమ యూరప్ కంపెనీల అనుభవం నుంచి పుట్టడంలో వింత లేదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అవి ఎక్కువగా తెరిచిన తలుపుల గుండానే నడిచాయి. 1994 నుంచి కార్ల తయారీలో విదేశీ వాటాను 50 శాతం దగ్గర ఆపిన చైనాలో ఫోక్స్‌వాగన్ అంతటి కంపెనీ కూడా ఉమ్మడి సంస్థలతోనే పెరిగింది. విద్యుత్ వాహనాలకు ఆ పరిమితి ఎత్తేసిన 2018లోనే టెస్లా షాంఘైలో పూర్తి సొంత ఫ్యాక్టరీకి ఒప్పందం కుదుర్చుకుంది.

చిల్లర వ్యాపారంలో ఈ రెండు శక్తులూ ఎలా పెనవేసుకుంటాయో బాగా కనిపిస్తుంది. ఐకియా దశాబ్దాలుగా భారతదేశంలో సరుకు కొంటూనే ఉంది, అమ్మడానికి మాత్రం రాలేదు. ఒకే బ్రాండు దుకాణాల్లో విదేశీ వాటా 51 శాతం దాటకూడదన్న 2006 నాటి నిబంధన ఆ కంపెనీకి సరిపడలేదు. 2012లో 100 శాతానికి అనుమతి రాగానే దరఖాస్తు పెట్టి, 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో తొలి దుకాణం తెరిచింది. స్టార్‌బక్స్ అదే 2012లో, పూర్తి యాజమాన్యానికి వీలున్నా, టాటాలతో చెరిసగం ఒప్పందం చేసుకుంది. కాఫీ గింజలు, దుకాణ స్థలాలు, ఇక్కడి పేరు ప్రతిష్ఠ టాటాల దగ్గర ఉన్నాయి. ఇది కంపెనీ తెలివైన ఎంపిక అనడంలో సందేహం లేదు. అయితే 51 శాతం దాటిన పెట్టుబడికే 30 శాతం స్థానిక కొనుగోలు షరతు వర్తించేదన్న సంగతి కూడా పక్కన పెట్టకూడదు. వాల్‌మార్ట్ దారి మరీ వంకర. బహుళ బ్రాండ్ల చిల్లర దుకాణం పెట్టే వీలు లేదు గనుక భారతి గ్రూపుతో కలిసి టోకు వ్యాపారం మొదలుపెట్టింది. గుంటూరు, విజయవాడల్లో కూడా బెస్ట్ ప్రైస్ గిడ్డంగి దుకాణాలు తెరిచింది. 2012లో 51 శాతానికి అనుమతి వచ్చినా అది రాష్ట్రాల సమ్మతితో ముడిపడింది. నాటి ఆంధ్రప్రదేశ్ ఒప్పుకున్న రాష్ట్రాల్లో ఒకటి. షరతులు, రాజకీయ వ్యతిరేకత చూసి 2013లో భారతితో విడిపోయి, 2018లో 1,600 కోట్ల డాలర్లకు ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం కొంది. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ సంస్థ సొంత సరుకు అమ్మకూడదు, అమ్మేవారికీ కొనేవారికీ మధ్యవర్తిగా మాత్రమే ఉండాలన్నది ఇక్కడి నియమం. అందుకే ప్రపంచంలో అతిపెద్ద చిల్లర వర్తకుడు భారతదేశంలో, చట్టం దృష్టిలో, చిల్లర వర్తకుడే కాదు.

కంపెనీ చేతిలో ఉన్నది

ఇప్పుడు దిశ మార్చి, బయటికి వెళ్లిన తెలుగు సంస్థలను చూద్దాం. మన పెట్టుబడిదారులు పరాయి తలుపు ముందు నిలబడినప్పుడు కూడా ఇదే కథ నడిచింది. హైదరాబాద్ మందుల పరిశ్రమ పుట్టుకే చట్టంతో ముడిపడి ఉంది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ విధానానికే పేటెంటు ఇచ్చింది. అదే మందును వేరే విధానంలో చేసే విద్య ఇక్కడ పెరిగింది. కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన ఏడాదే అమెరికాలో హాచ్-వాక్స్‌మన్ చట్టం వచ్చింది. పేటెంటు ముగిసిన మందుకు సమానమైనదని నిరూపిస్తే, మనుషులపై సుదీర్ఘ పరీక్షలు మళ్లీ చేయకుండానే అనుమతి దొరుకుతుంది. పేటెంటును మొదట సవాలు చేసి గెలిచినవారికి 180 రోజుల ప్రత్యేక హక్కు కూడా ఉంటుంది. ఆ హక్కు పొందిన తొలి భారతీయ కంపెనీగా డాక్టర్ రెడ్డీస్ 2001లో ఫ్లుయాక్సెటిన్ 40 మిల్లీగ్రాముల గుళికలను అమెరికాలో అమ్మింది. ఇక్కడ ప్రవేశ విధానం ఎగుమతే. దానికి రూపమిచ్చింది మాత్రం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దరఖాస్తు పద్ధతి, న్యాయస్థానం, హైదరాబాద్ ఫ్యాక్టరీకి వచ్చే అమెరికా తనిఖీదారులు. అదే కంపెనీ రష్యాలో సొంత బ్రాండ్లతో, డాక్టర్ల దగ్గరికి సొంత ప్రతినిధులను పంపి అమ్ముతుంది. మందు పేరు అమెరికాలో దాదాపు అనామకం, రష్యాలో అదే పెట్టుబడి.

డాక్టర్ రెడ్డీస్ జర్మనీలో చేసింది ఇంకో రకం. 2006లో అక్కడి నాలుగో పెద్ద జెనెరిక్ కంపెనీ బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. కాగితం మీద చూస్తే పుస్తకంలో ఉన్నట్టే సరైన నిర్ణయం. తెలియని మార్కెట్లో తెలిసినవారిని కొనుక్కోవడం, అమ్మకాల సిబ్బందిని, బ్రాండును ఒకేసారి సంపాదించడం. కానీ బీటాఫార్మ్ విలువంతా డాక్టర్లతో, ఫార్మసీలతో దాని ప్రతినిధులకున్న పరిచయాల్లో ఉంది. ఆ ఏడాదీ తరువాతి ఏడాదీ జర్మనీ ఆరోగ్య బీమా చట్టాలను మార్చింది. బీమా నిధులు టెండర్లు పిలిచి, ఎవరు తక్కువ ధరకిస్తే వారి మందే ఇవ్వాలని తేల్చాయి. పరిచయాలకు విలువ లేకుండా పోయింది. కొన్న విలువలో పెద్ద భాగాన్ని కంపెనీ పద్దుల్లో కొట్టేయాల్సి వచ్చింది. ఇది సరిగా లెక్క వేయని యాజమాన్యం తప్పిదమని విమర్శించేవారున్నారు. జర్మనీలో మందుల ఖర్చు తగ్గించే చర్చ అప్పటికే నడుస్తోంది గనుక ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. అయినా ఆ చర్చ ఎప్పుడు, ఏ రూపంలో చట్టమవుతుందో బెర్లిన్ చేతిలో ఉన్న విషయం, హైదరాబాద్ చేతిలో లేదు. అనుమతే దొరకకపోతే కొనుగోలు అసలు జరగదు కూడా. అరబిందో ఫార్మా 2018లో శాండోజ్ అమెరికా వ్యాపారంలో చర్మ వ్యాధుల మందులు, మాత్రల విభాగాన్ని దాదాపు 100 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. పోటీ నియంత్రణ సంస్థ అనుమతి సకాలంలో రాక 2020 ఏప్రిల్‌లో వదులుకుంది.

పెట్టుబడి భూమిలో పాతుకున్నాక బేరసారాల బలం ఎటు మొగ్గుతుందో అమెరికా ఆర్థికవేత్త రేమండ్ వెర్నన్ 1971లోనే వివరించాడు. పెట్టుబడి పెట్టకముందు కంపెనీని ప్రభుత్వం బతిమాలుతుంది. గని తవ్వాక, ఆనకట్ట కట్టాక, దాన్ని ఎత్తుకుపోలేని కంపెనీ ప్రభుత్వాన్ని బతిమాలుతుంది. శ్రీకాకుళం ప్రాంతపు రాజాం మూలాలున్న జీఎంఆర్ సంస్థకు ఇది మాల్దీవుల్లో అనుభవమైంది. 2010లో మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌తో కలిసి మాలె విమానాశ్రయాన్ని 25 ఏళ్లు నడిపే ఒప్పందం కుదిరింది. 2012 ఫిబ్రవరిలో అధ్యక్షుడు మారాడు. నవంబరులో కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. మధ్యవర్తిత్వ న్యాయస్థానం తీర్పుతో 2016లో సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారం వచ్చింది గానీ విమానాశ్రయం రాలేదు. స్థానిక భాగస్వామి ఉండి ఉంటే ఇలా జరిగేది కాదేమో అనిపించవచ్చు. భాగస్వామి రాజకీయ గొడుగు పట్టగలడు నిజమే, కానీ ఆ గొడుగు ఏ పక్షం వారిదన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ప్రభుత్వం మారిన రోజున పాత పక్షపు భాగస్వామి రక్షణ కంటే భారమే కావచ్చు.

కదిలేవి, కదలనివి

ఈ వాదానికి చివరి అభ్యంతరం సాఫ్ట్‌వేర్ వైపు నుంచి వస్తుంది. తీగ మీద, ఇప్పుడైతే గాలిలో, ప్రయాణించే సరుకుకు రేవు లేదు, సుంకం లేదు. పుట్టిన ఏడాదే పది దేశాల్లో అమ్ముకునే కంపెనీలు ఉన్నాయి. వీటికి ప్రభుత్వాల తలుపులతో పనేమిటి? పైకి బలంగా కనిపించే ఈ అభ్యంతరం ఉదాహరణల దగ్గర తడబడుతుంది. హైదరాబాద్, బెంగళూరు కంపెనీలు అమెరికాకు సేవలు అమ్మింది సగం తీగ మీద, సగం మనుషుల ద్వారా. ఖాతాదారు ఆఫీసులో కూర్చునే ఇంజనీర్లు లేకుండా ఇక్కడి పని సాగేది కాదు. ఆ ఇంజనీర్లకు తలుపు హెచ్-1బీ వీసా. 2001-03 మధ్య దాని పరిమితి ఏటా 1,95,000. 2004 నుంచి 65,000, ఆపై అమెరికాలో పైచదువులు చదివినవారికి 20,000. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఇలా వీసా బిగిసినప్పుడల్లా భారతీయ కంపెనీలు అమెరికాలో అమెరికన్లను చేర్చుకోవడం, అక్కడి చిన్న సంస్థలను కొనడం పెంచాయి. అంటే ఎగుమతి నుంచి ప్రత్యక్ష పెట్టుబడి వైపు జరిగాయి, 1930ల్లో లీవర్ జరిగినట్టే. మనిషి అక్కర్లేని యాప్‌ల సంగతికొస్తే, టిక్‌టాక్‌కు భారతదేశంలో కోట్లమంది వాడకందారులు ఉండేవారు. 2020 జూన్ చివర్లో ఒక్క ఉత్తర్వుతో 59 చైనా యాప్‌లు నిలిచిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో భూ సరిహద్దు పంచుకునే దేశాల పెట్టుబడికి ముందస్తు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. దాంతో గ్రేట్ వాల్ మోటార్స్ జనరల్ మోటార్స్ తళేగావ్ ఫ్యాక్టరీని కొనలేకపోయింది. చివరికి దాన్ని తీసుకున్నది హ్యుందాయ్. చైనా విద్యుత్ వాహనాల కంపెనీ బీవైడీ ఇక్కడ బస్సుల రంగంలో కనిపించింది హైదరాబాద్ సంస్థ ఒలెక్ట్రాకు సాంకేతిక సహకారం ఇచ్చేదిగానే. పెట్టుబడి దారి ఇరుకైతే పరిజ్ఞానం ఇచ్చి సొమ్ము చేసుకునే దారి మిగులుతుంది.

దారి మార్చుకోవడానికి కంపెనీకి చోటుండాలి, అది అందరికీ ఉండదు. మందుల కంపెనీ సుంకం భయంతో అమెరికాలో ఫ్యాక్టరీ కొనగలదు, ఐటీ కంపెనీ టెక్సాస్‌లో శాఖ తెరవగలదు. రొయ్యల ఎగుమతిదారు చేయగలిగింది తక్కువ. దేశంలో చెరువుల్లో పెరిగే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌దే, అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. 2005 నుంచే అక్కడ భారతీయ రొయ్యలపై డంపింగ్ వ్యతిరేక సుంకం ఉంది. యూరప్‌లో యాంటీబయోటిక్ అవశేషాల కోసం పరీక్షించే సరుకు వంతును 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా భారతీయ సరుకులపై మొత్తం 50 శాతం అదనపు సుంకం విధించింది. పోటీదారైన ఈక్వడార్‌కు అప్పుడు అది 15 శాతమే. పశ్చిమ గోదావరి చెరువును, దాని నీటిని, సీడును, కూలీని మరో దేశానికి తరలించే ప్రవేశ విధానం ఏ సిద్ధాంతంలోనూ లేదు. కొన్ని సంస్థలు శుద్ధి చేసి, వండటానికి సిద్ధంగా ప్యాకెట్లలో అమ్మే వైపు, జపాన్, చైనా, యూరప్ మార్కెట్ల వైపు జరిగాయి. ఎగుమతి అన్న పద్ధతి మాత్రం మారలేదు, మారదు. వీరికి ఉపయోగపడేది బోర్డు గదిలో వేసే వ్యూహం కాదు, రెండు ప్రభుత్వాల మధ్య కుదిరే వాణిజ్య ఒప్పందం. విదేశీ మార్కెట్ ప్రవేశాన్ని అధ్యయనం చేసేవారు కంపెనీల వార్షిక నివేదికలతో పాటు ఆయా దేశాల సుంకాల పట్టికలను, ప్రెస్ నోట్లను, తనిఖీ నిబంధనలను కూడా చదవాలి. వీలైతే వాటినే ముందు చదవాలి.